చేతిలో సూది, పక్కన తోడు

ఒంట్లో బాగోకపోతే మనం నలుగురికీ చెప్పుకుంటాం. తలనొప్పి అయితే అమృతాంజనం రాసుకుంటాం, జ్వరమైతే మాత్ర వేసుకుని దుప్పటి కప్పుకుంటాం. మరి మనసు బాగోకపోతే? "ఏమిటోనమ్మా, ఏమీ తోచటం లేదు" అని ఒక్క మాట అనేసి మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లిపోతాం. అయినా మనం కాస్త నయమే. ఫోన్ చేసి చెప్పుకోవటానికి అక్కో, చెల్లెలో ఉంటుంది. సాయంత్రం ఓ గంట కూర్చునే వీలుంటుంది.

తెల్లారేసరికి నాలుగిళ్లలో అంట్లు తోమి, మధ్యాహ్నం ఇంటికెళ్లి తన అంట్లు తోముకునే ఆడమనిషి సంగతి ఆలోచించండి. తాగి వచ్చే మొగుడు, తీరని అప్పు, చేతుల్లోనే పోయిన బిడ్డ... ఈ బరువంతా ఆమె ఎక్కడ దించుకోవాలి? డాక్టరు దగ్గరికి వెళ్తే ఒక రోజు కూలి పోతుంది. వెళ్లినా "ఏమిటి నీ బాధ?" అంటే చెప్పటానికి మాటలు దొరకవు. "నడుం నొప్పి, గుండె దడ, నిద్ర పట్టదు" అంటుంది. డాక్టరు బలానికి మాత్రలు రాసిస్తాడు. అసలు బాధ అలాగే ఉండిపోతుంది.

ఇలాంటి ఆడవాళ్లే కొన్ని చోట్ల ఒక దారి వెతుక్కున్నారు. పదిమందీ ఒకచోట కూర్చుని కుట్టటం, బొమ్మలు గీయటం. వినటానికి "ఓస్, ఇంతేనా" అనిపిస్తుంది కదూ? కానీ ఆ కథలు తెలుసుకుంటే అలా అనిపించదు. నాకు తెలిసిన మూడు కథలు మీతో చెప్పాలనిపించింది.

పాత చీరల్లో కొత్త కబుర్లు

బీహారులో ముజఫర్‌పూర్ జిల్లాలో భుసురా అనే ఊరుంది. ఆ వైపు పల్లెల్లో పసిబిడ్డ పుట్టబోతోందంటే పాత చీరలు, పంచెలు పొరలుగా పరిచి, చిన్న చిన్న కుట్లతో కలిపి మెత్తని బొంత తయారుచేసేవారు. దాన్నే సుజని అంటారు. 'సు' అంటే మంచి, 'జని' అంటే పుట్టుక. అచ్చం మన బొంతే! మన అమ్మమ్మలు, నాయనమ్మలు బాలింతరాలి కోసం కుట్టి ఉంచలేదూ?

రానురాను ఈ పని మరుగున పడింది. 1988 ప్రాంతంలో పాట్నాలోని అదితి అనే సంస్థ, దాన్ని నడిపిన విజి శ్రీనివాసన్ గారు భుసురా ఆడవాళ్లతో కలిసి దీన్ని మళ్లీ మొదలుపెట్టించారు. ముసుగు చాటున, ఇంటి పనిలో మునిగి ఉండే ఆడవాళ్లు ఒకచోట చేరి కూర్చోవటమే అప్పట్లో పెద్ద సంగతి. మొదట పూలూ, చేపలూ, చిలకలూ కుట్టారు. తర్వాత మెల్లిగా బట్ట మీదికి వాళ్ల బతుకే వచ్చేసింది. కట్నం కోసం వేధించటం, చిన్న వయసు పెళ్లిళ్లు, కడుపులో ఆడపిల్లని తెలిసి తీయించేయటం, తాగుడు, ఇంకోవైపు బడికి వెళ్లే పిల్ల, ఓటు వేసే ఆడవాళ్లు. నల్లటి దారంతో గొలుసు కుట్టు వేసి బొమ్మ అంచు తీయటం, లోపల రంగు దారంతో మామూలు రన్నింగ్ స్టిచ్‌తో నింపటం. అంతే పనితనం. చదువు రానివాళ్లు కూడా తమ కథ తామే చెప్పుకున్నారు.

2006లో సుజనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ పనిలో జీవితమంతా గడిపిన భుసురా నిర్మలాదేవి గారికి 2025లో పద్మశ్రీ ఇచ్చారు. పాత చీర ముక్కలతో మొదలైన పని ఎంతదాకా వెళ్లిందో చూశారా?

అంట్లు తోమిన చేతులే కుంచె పట్టాయి

బీహారులోనే మధుబని బొమ్మలు మీకు తెలిసినవే. పెళ్లి గదుల గోడల మీద ఆడవాళ్లు వేసుకునే ఆ బొమ్మలు కాగితం మీదికి రావటానికి కారణం కరువు. 1966-67లో అక్కడ వానలు లేక తిండికి కటకటలాడే రోజుల్లో, హస్తకళల బోర్డులో ఉన్న పుపుల్ జయకర్ గారు భాస్కర్ కులకర్ణి అనే చిత్రకారుణ్ణి మిథిల పల్లెలకు పంపించారు. ఆయన కాగితాలిచ్చి "గోడ మీద వేసేదే దీని మీద వెయ్యండి" అన్నారు. అలా ఆ ఇళ్లకు నాలుగు డబ్బులు వచ్చే దారి ఏర్పడింది.

మధుబని జిల్లా రాంటీ గ్రామంలో దులారీదేవి గారున్నారు. చేపలు పట్టుకుని బతికే మల్లాహ్ కులం. పన్నెండు, పదమూడేళ్లకే పెళ్లి చేశారు. పుట్టిన ఆడబిడ్డ నెలల పిల్లగానే పోయింది. ఆమె అత్తారిల్లు వదిలి పుట్టింటికి వచ్చేసింది. చదువు లేదు. పొలం పనులు, ఇళ్లలో పాచిపనులు. అలా పనికి చేరిన ఇల్లు పెద్ద చిత్రకారిణి మహాసుందరీదేవి గారిది. ఊడుస్తూ, తుడుస్తూ ఆ బొమ్మలకేసి చూస్తూ ఉండేది. ఇంటికెళ్లి పుల్లతో నేల మీద గీసుకునేది. అది గమనించిన మహాసుందరీదేవి గారు, ఆ ఊళ్లోనే ఉన్న మరో చిత్రకారిణి కర్పూరీదేవి గారు ఆమెకు పని నేర్పారు.

ఆ తర్వాత ఆమె వేసిన బొమ్మలు వేలల్లో ఉంటాయి. వాటిలో దేవుళ్లతో పాటు చేపలు, వలలు, పడవలు, తన వాళ్ల బతుకు కనిపిస్తుంది. చెన్నైలోని తారా బుక్స్ వాళ్లు ఆమె కథను ఆమె బొమ్మలతోనే పుస్తకంగా వేశారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2025 ఫిబ్రవరి 1న ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ గారు బడ్జెట్ రోజున కట్టుకున్న చేపల బొమ్మల చీర గుర్తుందా? అది దులారీదేవి గారు కానుకగా ఇచ్చిందే. ఆ మంత్రిగారు మన నరసాపురం వారి కోడలు కావటంతో మనవాళ్లంతా ఆ చీర గురించి ముచ్చటగా చెప్పుకున్నారు. కానీ దాని వెనక బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లి ఉందని ఎంతమందికి తెలుసు?

పద్మశ్రీలు అందరికీ రావు. నేను చెప్పాలనుకున్నదీ బహుమతుల గురించి కాదు. ఈ కథలో నాకు గట్టిగా తగిలింది ఇంకొకటి. ఇంటి యజమానురాలు పనిమనిషి చేతిలో చీపురు మాత్రమే చూడలేదు. ఆ కళ్లు దేనికోసం వెతుకుతున్నాయో చూసింది. మనం అలా చూస్తున్నామా?

గోనెపట్ట మీద పోయినవాళ్ల బొమ్మలు

మూడో కథ చాలా దూరానిది. దక్షిణ అమెరికాలో చిలీ అనే దేశం. 1973 సెప్టెంబరు 11న అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది. పినోచె అనే సైన్యాధికారి పాలన మొదలైంది. ఎదురు చెప్పినవాళ్లని పట్టుకుపోయేవారు. ఆ పాలనలో మూడు వేలమందికి పైగా చనిపోయారు, లేదా కనిపించకుండా పోయారు. వెయ్యిమందికి పైగా ఏమైపోయారో నేటికీ ఆచూకీ లేదు. కొడుకు కోసం, భర్త కోసం పోలీసు స్టేషన్లు, ఆసుపత్రులు, జైళ్ల చుట్టూ తిరిగే ఆడవాళ్లు ఒకరికొకరు తారసపడ్డారు. అదే సమయంలో బస్తీల్లో మగవాళ్లకి పనులు పోయాయి. పిల్లలకి తిండి లేదు.

శాంటియాగో నగరంలో చర్చి అండతో 1974 నుంచి ఈ ఆడవాళ్లు ఒకచోట చేరి కుట్టటం మొదలుపెట్టారు. గోనెపట్ట మీద పాత బట్టల ముక్కలు అతికించి కుట్టిన బొమ్మలవి. గోనెపట్టని వాళ్ల భాషలో అర్పియేరా అంటారు. ఆ బొమ్మలకీ అదే పేరు వచ్చింది. చిన్న చిన్న గుడ్డ బొమ్మలే మనుషులు. వెనకాల ఆండీస్ కొండలు, పైన సూర్యుడు. ముందు తాళం వేసిన ఫ్యాక్టరీ, అందరూ కలిసి వండుకునే పెద్ద గిన్నె, "వీళ్లెక్కడ?" అని అడుగుతూ నిలబడ్డ ఆడవాళ్లు. కొందరు కనబడకుండా పోయిన తమ వాళ్ల చొక్కా ముక్కలే అందులో కుట్టారు.

చర్చి వాళ్లు వీటిని కొని విదేశాల్లో అమ్మించేవారు. ఆ డబ్బు ఇల్లు గడవటానికి పనికొచ్చింది. పత్రికలు రాయలేని నిజాలు ఈ గుడ్డల మీద దేశం దాటాయి. అన్నింటికన్నా ముఖ్యం, ఇంట్లో ఒంటరిగా కుమిలిపోతే పిచ్చెక్కిపోయే ఆ తల్లులు వారానికోసారి వెళ్లటానికి ఒక చోటు దొరికింది. తనలాంటి ఇంకో తల్లి పక్కన కూర్చుంది. 1990లో ఆ పాలన పోయింది. ఆ గుడ్డ బొమ్మలు ఇప్పుడు దేశదేశాల మ్యూజియాల్లో ఉన్నాయి.

దీనివల్ల మనసుకి ఏమవుతుంది?

ఇది మంత్రమేమీ కాదు. కొంచెం ఆలోచిస్తే మనకే అర్థమవుతుంది.

మొదటిది, చేతి పని. ఒకే రకం కుట్టు వేస్తూ పోతుంటే ఊపిరి నిదానిస్తుంది. పూలమాల కట్టేటప్పుడు, అప్పడాలు ఒత్తేటప్పుడు మీరూ గమనించే ఉంటారు. గిరగిరా తిరిగే ఆలోచనలు కాసేపు ఆగుతాయి.

రెండోది, చూపు. ఎదురుగా కూర్చోబెట్టి "నీ బాధ చెప్పు" అంటే ఎవరికీ నోరు పెగలదు. కళ్లు బట్ట మీద ఉన్నప్పుడు మాట దానంతటదే వస్తుంది. మధ్యలో ఏడుపొస్తే సూదిలో దారం ఎక్కించుకుంటున్నట్టు తల వంచుకోవచ్చు. ఎవరూ గుచ్చి గుచ్చి చూడరు.

మూడోది, దూరం. "నన్ను కొట్టాడు" అని చెప్పలేని మనిషి, బట్ట మీద ఒక ఇల్లు, తలుపు మూల ఒక ఆడమనిషి బొమ్మ కుడుతుంది. అది తనే అని అందరికీ తెలుసు. తనకీ తెలుసు. కానీ ఇప్పుడు ఆ బాధ గుండెలో కాక ఎదురుగా ఉంది. దాన్ని చూడొచ్చు. రంగు మార్చొచ్చు. తలుపు తెరిచి కుట్టొచ్చు.

నాలుగోది, "నేను చేశాను" అనే తృప్తి. వంట తింటే అయిపోతుంది, అంట్లు మళ్లీ పడతాయి. కుట్టింది మాత్రం ఉంటుంది. పదిమందికీ చూపించుకోవచ్చు.

ఐదోది, తోడు. నాకొక్కదానికే ఇలా జరిగిందనుకునే మనిషికి, పక్కనున్న నలుగురిదీ ఇదే కథ అని తెలిస్తే సగం బరువు దిగుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2019లో ఒక నివేదిక వేసింది. కళలకీ ఆరోగ్యానికీ సంబంధం గురించి వచ్చిన 900కు పైగా ప్రచురణలను అందులో పరిశీలించారు. పాట, బొమ్మ, నాట్యం, చేతిపని వంటివి జబ్బులు రాకుండా కాపాడటంలోనూ, వచ్చాక మనిషి తేరుకోవటంలోనూ తోడ్పడతాయని తేల్చారు. మన పెద్దవాళ్లు రోలు దగ్గర, తిరగలి దగ్గర ఎందుకు పాడుకునేవారో ఇప్పుడు తెలిసిందా!

మన దగ్గర మాటేమిటి?

నలుగురు ఆడవాళ్లు ఒకచోట కూర్చుంటే ఏమవుతుందో తెలుగువాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో రాత్రి బడులకి వచ్చిన కూలి ఆడవాళ్లు పాఠంలోని ఒక కథ చదువుకుని, "ఇది మన కథే" అనుకున్నారు. దూబగుంట నుంచి మొదలైన ఆ కదలిక రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధం దాకా వెళ్లింది. తన బతుకుని పలక మీదో, బట్ట మీదో ఎదురుగా చూసుకున్న మనిషికి ధైర్యం వస్తుందనటానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

అయితే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. చేతిపని చేస్తే చాలు, మనసు బాగుపడిపోతుందనుకోకూడదు. మన పశ్చిమ గోదావరి నరసాపురం లేసు చూడండి. తరాలుగా వేలమంది ఆడవాళ్లు క్రోషా సూదితో అద్భుతమైన లేసులు అల్లారు. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు అక్కడ ఉండి చూసి, 1982లో పుస్తకం రాశారు. ఎవరింట్లో వాళ్లు గంటలకొద్దీ అల్లుతున్నా, అది "ఖాళీగా కూర్చున్నప్పుడు చేసే పని" అనే పేరుతో అతి తక్కువ కూలి ఇచ్చేవారని, లాభమంతా మధ్యవాళ్లకీ, ఎగుమతిదారులకీ పోయేదని అందులో చూపించారు. సూది అదే, దారం అదే. కానీ పక్కన తోడు లేదు, డిజైను తనది కాదు, కూలి గిట్టదు. అప్పుడు కళ్లు పోతాయే గానీ మనసు కుదుటపడదు. కాబట్టి మనకి సూది ఒక్కటే చాలదు. కలిసి కూర్చోవటం, తన కథ తాను కుట్టుకోవటం, వచ్చిన డబ్బు తన చేతికే రావటం, ఈ మూడూ ఉండాలి.

మీ వీధిలోనే మొదలుపెట్టండి

దీనికి పెద్ద సంస్థలే అక్కర్లేదు. పొదుపు సంఘాలు మన ఊళ్లలో, బస్తీల్లో ఉండనే ఉన్నాయి. నెలకోసారి డబ్బు లెక్కలకి చేరే అదే పదిమంది, వారానికోసారి సూదీ దారంతో చేరితే సరి.

మనుషులు: ఎనిమిది, పదిమందికి మించొద్దు. ఎక్కువైతే ఒకరి మాట ఒకరికి వినిపించదు.

సమయం: వాళ్లకి వీలైనప్పుడే పెట్టుకోవాలి, మనకి వీలైనప్పుడు కాదు. ఇళ్లలో పనిచేసేవారికి మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కాస్త తీరిక ఉంటుంది. చంటిపిల్లలతో రావచ్చని ముందే చెప్పండి.

చోటు: అంగన్‌వాడీ గది, గుడి మండపం, చర్చి వరండా, ఎవరింటి అరుగైనా సరే. వెలుతురు బాగా ఉండాలి. అందరూ ఒకే ఎత్తున కూర్చోవాలి. ఒకరు కుర్చీలో, మిగతావాళ్లు కింద అయితే మాట కలవదు.

సరంజామా: ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీరలు, పంచెలు, కాస్త పెద్ద కన్నున్న సూదులు, రంగు దారాలు, కత్తెర, సుద్దముక్క. రంగు దిగే బట్టో కాదో ముందే చూసుకోండి. తెల్లగుడ్డ తడిపి గట్టిగా రుద్దితే తెలిసిపోతుంది. బెంగాలులో కాంథాలు కుట్టేవారు పాత చీర అంచుల్లోంచే దారం లాగేవారు. మనమూ అలా చేస్తే ఖర్చు తగ్గుతుంది.

మొదటి పని: ఒక్కొక్కరికి రెండు జానల చదరపు ముక్క ఇవ్వండి. "నాకు బొమ్మలు రావు" అనేవారే ఎక్కువ. గాజు బోర్లించి గీస్తే సూర్యుడు, ఆకు పెట్టి గీస్తే చెట్టు, గ్లాసు పెట్టి గీస్తే తలకాయ. ముగ్గు వేసే చెయ్యి బొమ్మ వెయ్యలేదా! మొదటి రోజే బాధలు కుట్టమనకండి. పుట్టిన ఊరు, నచ్చిన చెట్టు, చిన్నప్పుడు ఆడిన ఆట, ఇలా మొదలుపెట్టండి. మిగతాది సమయం వచ్చినప్పుడు వస్తుంది. అందరి ముక్కలూ అయ్యాక కలిపి ఒక పెద్ద బొంత చెయ్యండి.

కట్టుబాట్లు: అక్కడ విన్న మాట అక్కడే వదిలేయాలి, వీధిలోకి మోయకూడదు. ఎవరినీ చెప్పమని బలవంతం చేయకూడదు. "సర్దుకుపో అమ్మా" అని నీతులు చెప్పకూడదు. కుట్టు వంకరగా ఉందని పేరు పెట్టకూడదు. చదువుకున్న మనబోటివాళ్లకి ఈ చివరి రెండే కష్టం!

డబ్బు: అమ్మే ఆలోచన ఉంటే మొదటి రోజు నుంచే పుస్తకంలో లెక్క రాయండి. దారం ఖర్చెంత, ఎవరు ఎన్ని గంటలు కుట్టారు, ఎంతకి అమ్మారు, ఎవరికెంత ఇచ్చారు. అందరి ముందూ చదవండి. కుట్టిన మనిషి పేరు బట్ట వెనకాల కుట్టండి. అమ్మటం ఇష్టం లేనిది ఎవరైనా ఉంచుకుంటానంటే ఉంచుకోనివ్వండి. కొన్ని బొమ్మలు అమ్మకానికి కావు.

ఇది చాలని చోట

అన్ని గాయాలకీ కుట్టు చాలదు. వారాల తరబడి నిద్ర లేకపోవటం, తిండి మానేయటం, ఎవరితోనూ మాట్లాడకపోవటం, "నేను బతికేం లాభం" అనటం, బిడ్డని కూడా పట్టించుకోకపోవటం, ఇవి కనిపిస్తే ఆలస్యం చేయకండి. ప్రభుత్వం 2022 అక్టోబరులో టెలీ మానస్ అనే ఫోన్ సాయం మొదలుపెట్టింది. 14416 నంబరుకి ఏ వేళైనా ఉచితంగా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇంట్లో కొట్టటం, వేధించటం ఉంటే 181 మహిళా హెల్ప్‌లైను ఉంది. ప్రాణానికి అపాయమనిపిస్తే 112. ఈ మూడు నంబర్లూ బొంత కుట్టే చోట గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. చదవలేనివారికి కంఠతా నేర్పండి. డాక్టరు మందులిస్తే మందులూ వేసుకోవాలి, బొంతా కుట్టుకోవాలి. ఒకటి ఉందని రెండోది మానకూడదు.

మనింటి బీరువాలో కట్టని చీరలు ఎన్ని లేవు చెప్పండి! స్టీలు సామాన్లవాడికి వేసి ఓ గిన్నె తీసుకునే బదులు, నాలుగు చీరలు పక్కన పెట్టండి. రేపు మీ ఇంటికి పనికొచ్చే ఆమెని, "ఏమ్మా, బొంత కుట్టటం వచ్చా? నాకు నేర్పుతావా?" అని అడిగి చూడండి. నేర్పుతానంటే ఆమె పక్కనే కింద కూర్చోండి. ఎన్నేళ్లుగానో మన ఇంట్లో తిరుగుతున్న మనిషి గురించి మనకెంత తక్కువ తెలుసో, ఒక్క మధ్యాహ్నంలో అర్థమవుతుంది. అక్కడి నుంచి రెండో మనిషి, మూడో మనిషి వాళ్లంతట వాళ్లే వస్తారు.